మంట మొహంలో, విచారణ వంటింట్లో

రోహిణి కార్తెలో, బెజవాడలో, మిట్టమధ్యాహ్నం గ్యాసు పొయ్యి ముందు నిలబడి సొరకాయ సూపు కాయడమంటే ఏమిటో నన్నడగండి, చెబుతాను. పొయ్యి మీద గిన్నె, గిన్నెలోంచి ఆవిరి, ఆవిరికి ఎదురుగా నా మొహం. ఆ మొహం అప్పటికి రెండు నెలలుగా మండుతోంది. బుగ్గలూ ముక్కూ కమిలిపోయాయి. సబ్బు తగిలితే చుర్రుమనేది. వీధిలోకి వెళ్లొస్తే కారం పూసినట్టుండేది. రాత్రి దిండుకు బుగ్గ ఆనించడానికి భయం. దాన్ని చల్లార్చడానికే ఈ సూపు. అరగంట పొయ్యి దగ్గర మొహాన్ని ఉడకబెట్టుకుని, ఉడికిన మొహానికి మందుగా పొగలు కక్కే సూపు తాగేదాన్ని. ఒకటీ రెండూ కాదు, నలభై రోజులు.

చెప్పింది మా చిన్నాడపడుచు. "వదినా, నీకు లోపల వేడి చేసింది. రక్తంలో మలినాలు చేరాయి. కడుపు బాగుపడితే మొహం దానంతటదే బాగుపడుతుంది. మండలం రోజులు కూరగాయల సూపు తాగి చూడు" అంది. ప్రేమగానే చెప్పింది. ఆమె ఒక్కతే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పనిలేదు. ఆఫీసులో పక్క సీటావిడ అదే చెప్పింది. బ్యూటీ పార్లర్ అమ్మాయి అదే చెప్పింది. ఫోన్లో వీడియోలు పూటకొకటి అదే చెప్పాయి. మనవాళ్ల దగ్గర మొహం మండుతోందని నోరు జారితే చాలు, ఎదుటివాళ్లు మొట్టమొదట అడిగేది "ఏం తిన్నావు?" అనే. ఈ ప్రశ్నతోనే నా తగాదా.

కూరగాయల మీద నాకు కోపం లేదు. సొరకాయ పులుసు, బీరకాయ పప్పు, పొట్లకాయ పెరుగుపచ్చడి తిని పెరిగినదాన్ని. సూపును తిండిగా తాగేవాళ్లు హాయిగా తాగండి. దాన్ని మందు అన్నప్పుడు, అందులోనూ మండే మొహానికి మందు అన్నప్పుడు మాత్రం పేచీ పెట్టుకోక తప్పదు.

ఇలా ఊరికే ఎర్రబడి, ఆవిర్లు కమ్మి, మండిపోయే మొహాల వెనక తరచుగా ఉండే జబ్బు రోజేషియా. మన దగ్గర దాని పేరు పెద్దగా వినపడదు. దానికి కారణం ఉంది. పుస్తకాల్లో దాని బొమ్మలు చాలాకాలం తెల్లవాళ్ల మొహాలవే. పాలిపోయిన చర్మం మీద ఎరుపు ఎర్రగా కనిపిస్తుంది. మన చామనఛాయ మీద అదే ఎరుపు కమిలినట్టు, నల్లబడినట్టు, ఎండకు మాడినట్టు కనిపిస్తుంది. చూసేవాళ్లు మంగు అంటారు, మొటిమలంటారు, "బాగా ఎండలో తిరుగుతున్నావా?" అంటారు. కనపడని ఎరుపును మంటే చెప్పాలి, ఆ మంటేమో అనుభవించేవాళ్లకి తప్ప ఇంకొకరికి తెలియదు.

ఇంతకీ లోపల జరుగుతున్నదేమిటి? చర్మంలోని సన్నటి రక్తనాళాలూ నరాలూ అతిగా స్పందిస్తాయి. పక్కవాళ్ల చర్మం పట్టించుకోని ఎండకీ, వేడికీ, కోపానికీ ఈ చర్మం నాళాలను ఒక్కసారిగా తెరిచేస్తుంది. 2007లో కాలిఫోర్నియాలో రిచర్డ్ గాలో బృందం ఒక సంగతి బయటపెట్టింది. సూక్ష్మజీవులతో పోరాడటానికి చర్మం తనే తయారుచేసుకునే క్యాథెలిసిడిన్ అనే ప్రోటీను ఈ రోగుల మొహాల్లో మోతాదుకు మించి ఉంది. పైగా అది సరైన చోట తెగక, మంట రేపే ముక్కలుగా తెగుతోంది. వీటితోపాటు మొహం మీది సన్న పురుగులు డెమోడెక్స్‌కూ, వంశపారంపర్యానికీ ఇందులో వాటా ఉంది. ఈ లెక్కలో ఎక్కడా "రక్తంలో మలినం" అనే పద్దు లేదు.

ఆ పద్దు సంగతే చూద్దాం. రక్తం శుభ్రం చేయడమనే మాట మన నోటికి ఎంత అలవాటైందంటే, ఆ మురికి పేరేమిటని ఎవరూ అడగరు. యూరియానా? క్రియాటినినా? అవి నిజంగా పేరుకుంటే కిడ్నీ డాక్టరు కావాలి, డయాలసిస్ కావాలి. క్యారెట్టూ బీన్సూ ఉడికించిన నీళ్లు కిడ్నీ పనిని అందుకోలేవు. కిడ్నీలూ కాలేయమూ బాగున్న మనిషికి రక్తం కడగడానికి సూపు అక్కర్లేదు, అవి బాగుండని మనిషికి సూపు చాలదు. బీట్‌రూట్ తాగితే రక్తం పడుతుందంటారు. కొందరికి మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది, అంతే. రంగు చూసి గుణం నిర్ణయించడం మనకు పాత సరదా.

సూపు దగ్గరకు వద్దాం. 1981లో జొనాథన్ విల్కిన్ అనే అమెరికా చర్మవైద్యుడు ఒక చిన్న పరీక్ష చేశాడు. చిన్నదే, నాకు మాత్రం నలభై రోజుల బుద్ధి చెప్పింది. కాఫీ తాగితే రోజేషియా మొహాలు భగ్గుమంటాయని అప్పట్లో అందరూ కాఫీ మాన్పించేవాళ్లు. విల్కిన్ రోగులకు 60 డిగ్రీల వేడి కాఫీ ఇచ్చాడు. మొహాలు ఎర్రబడ్డాయి. 22 డిగ్రీల చల్లటి కాఫీ ఇచ్చాడు. ఏమీ కాలేదు. విడిగా కెఫీన్ ఇచ్చాడు. ఏమీ కాలేదు. చివరికి 60 డిగ్రీల ఉత్త వేడినీళ్లు ఇచ్చాడు. కాఫీకి ఎర్రబడ్డట్టే మొహాలు ఎర్రబడ్డాయి! కాఫీ నేరస్థురాలు కాదు, వేడి నేరస్థురాలు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, 2018లో, అమెరికాలో 82 వేల మందికి పైగా నర్సుల వివరాలు కూడితే, రోజుకు నాలుగు కప్పులకు తగ్గకుండా కాఫీ తాగేవాళ్లలో రోజేషియా తక్కువగానే కనపడింది. కాఫీ మందు అని దీని అర్థం కాదు, ఆ లెక్క అంతదూరం పోదు. కానీ ఎన్నేళ్లపాటు ఎంతమంది చేత ఉత్తపుణ్యానికి కాఫీ మాన్పించారో!

ఇప్పుడు చెప్పండి. వేడినీళ్లకే భగ్గుమనే మొహానికి మనం ఇస్తున్నదేమిటి? పొయ్యి మీంచి దింపి, ఊదుకుంటూ తాగే సూపు. "వేడి వేడిగా తాగితేనే పనిచేస్తుంది" అని అదనపు హెచ్చరిక కూడా.

వేడి ఒక్కటే అయినా సరిపెట్టుకోవచ్చు. ఆ సూపులో పడేవి చూడండి. అరచెంచా మిరియాల పొడి, అంగుళం అల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, వాసనకు దాల్చిన చెక్క. చప్పటి సొరకాయ నీళ్లు గొంతు దిగాలంటే ఇవి పడాల్సిందే, నేనూ వేశాను. మన నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే ఒక ద్వారం ఉంది. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఆ ద్వారం తెరుచుకుంటుంది, మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది. అందుకే కారానికీ వేడికీ శరీరం ఒకేలా గగ్గోలు పెడుతుంది. తెలుగువాడి నోటికి ఈ సంగతి నోబెల్ కంటే ముందే తెలుసు. వేడి పాలు తాగినా "నోరు మండింది" అంటాం, గొడ్డుకారం తిన్నా "నోరు మండింది" అంటాం. మిరియాల్లోని పైపెరిన్, అల్లంలోని జింజెరాల్ తట్టేదీ ఆ తలుపునే. వెల్లుల్లి ఘాటూ దాల్చినచెక్క ఘాటూ ఆ పక్కనే ఉన్న టీఆర్‌పీఏ1 అనే ఇంకో తలుపు తడతాయి. ఒక్క గిన్నెలో ఇన్ని నిప్పులు పోసి, దాన్ని చలవ అన్నాం.

ఇక్కడ మా అమ్మమ్మ పక్షాన ఒక మాట చెప్పాలి. "వేడి చేసింది" అనే మాట ఆమెదే. ఆ మాటను నేను శాస్త్రమని ఒప్పుకోను. బొప్పాయిలో వేడి ఉందనీ దోసకాయలో చలవ ఉందనీ థర్మామీటరేదీ చెప్పదు. కానీ వేడి చేసిందని తేల్చాక ఆమె ఇచ్చేది పలచటి మజ్జిగ, నానబెట్టిన సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, ముంజలు. అన్నీ చల్లారినవే, కారం లేనివే. ఆమె సిద్ధాంతం తప్పయినా చేతి వాటం రోగిని బాధపెట్టలేదు. సూపు ఆమె వంట కాదు. మన ఇళ్లలో ఉన్నది చారు, కట్టు, గంజి, జావ. సూపు హోటలు మెనూలోంచీ ఆసుపత్రి ట్రేలోంచీ నిన్నమొన్న మన ఇంటికొచ్చింది. దాని మెడలో "మన పూర్వీకుల పథ్యం" అని బోర్డు కట్టడం పూర్వీకులకు అన్యాయం.

అవతలి పక్షం దగ్గర ఉన్న గట్టి ఆయుధం కడుపు. "కడుపుకీ చర్మానికీ సంబంధం ఉందని ఇప్పుడు సైన్సే చెబుతోంది కదా" అంటారు. ఇప్పుడు కాదు, నూరేళ్ల కిందటే చెప్పింది. 1920లో రైల్, బార్బర్ అనే లండన్ డాక్టర్లిద్దరు ఈ రోగుల కడుపులో ఆమ్లం తక్కువగా ఉందని ప్రకటించారు. దాంతో కొన్ని దశాబ్దాలపాటు రోగులకు నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆసిడ్ తాగించారు. తర్వాతి పరిశీలనల్లో ఆ సిద్ధాంతం నిలబడలేదు. కడుపు మీద నేరం మోపే అలవాటు మా ఆడపడుచుతో మొదలైంది కాదని చెప్పడానికే ఇదంతా. తెల్లకోటు వేసుకున్నవాళ్లూ పడ్డ గొయ్యి ఇది.

గట్టి సాక్ష్యం ఇంకోటుంది, దాన్ని దాటవేయను. 2008లో ఇటలీలోని జెనోవా డాక్టర్లు 113 మంది రోజేషియా రోగులను పరీక్షిస్తే 52 మందికి చిన్నపేగుల్లో బ్యాక్టీరియా అతిగా పెరిగి ఉంది. జబ్బులేని 60 మందిలో అలా ఉన్నవాళ్లు ముగ్గురే. పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్ ఇస్తే చాలామందికి మొహం తేటపడింది. ఇది ఆలోచించాల్సిన సంగతే. కానీ ఏం నిరూపించింది? రోగుల్లో కొందరికి పేగుల్లో ఒక నిర్దిష్టమైన తేడా ఉండొచ్చు, దాన్ని పరీక్షతో పట్టుకుని మందుతో తగ్గించొచ్చు అని. ఆ ప్రయోగంలో పనిచేసింది రిఫాక్సిమిన్ మాత్ర. దాని పేరు చెప్పి సొరకాయ అమ్మడం, పక్కింటి పిల్లాడికి ర్యాంకు వచ్చిందని మన ఇంట్లో స్వీట్లు పంచుకోవడం లాంటిది.

తిండికీ చర్మానికీ సంబంధమే లేదని నేననను. ఆ మాట అనాలంటే హైదరాబాదు తార్నాక దాటి పోవాలి. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ కొలుత్తూరు గోపాలన్, శ్రీకంఠయ్య దక్కన్‌లో జొన్నకూడే ఆధారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా జబ్బును చదివారు. ఎండ తగిలే చోటల్లా చర్మం ఎర్రబడి, నల్లబడి, పెచ్చులూడుతుంది. మెడ చుట్టూ హారం వేసినట్టు చార వస్తుంది. మొక్కజొన్న తినేవాళ్లకు వచ్చే జబ్బు జొన్న తినేవాళ్లకెందుకు వస్తోందని వెతికి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అతిగా ఉండటం ఒక కారణం కావచ్చని 1960లో రాశారు. అది తిండివల్ల వచ్చిన చర్మవ్యాధి, తిండితో తగ్గే చర్మవ్యాధి. నయాసిన్ అనే విటమిను ఇస్తే తగ్గుతుంది. తిండి సంబంధాన్ని నిరూపించడమంటే అదీ. ఏ ధాన్యం, అందులో ఏ పదార్థం, ఎంత, శరీరంలో ఏం చేస్తోంది, ఏమిస్తే తగ్గుతోంది అన్నీ చెప్పారు. "రకరకాల కూరగాయలు వేసి కాచుకో, మంచిది" అని వదిలేయలేదు. ఇంకో చమత్కారం కూడా ఉంది. ఆ నయాసిన్‌నే పెద్ద మోతాదులో మాత్రగా మింగితే అరగంటలో మొహం ఎర్రబడి భగభగలాడుతుంది. లేకపోతే ఒక ఎరుపు, ఎక్కువైతే ఇంకో ఎరుపు. విటమిన్లున్నాయి కాబట్టి ఎంత తాగినా మేలే అనేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

ఏదైనా పడదని మనం అనుకోవడానికీ నిజంగా పడకపోవడానికీ ఎంత దూరమో వంకాయ చెబుతుంది. వంకాయ తింటే దురదలని మనలో ప్రతి ఇంట్లో ఒకరైనా అంటారు. 2008లో అచ్చయిన మైసూరు పరిశీలనలో 741 మందిని అడిగితే నూటికి తొమ్మిదిమంది దాకా తమకు వంకాయ పడదన్నారు. చర్మ పరీక్షా, రక్త పరీక్షా కూడా చేసి చూస్తే అసలైన అలర్జీ తేలినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతావాళ్లు అబద్ధమాడారని కాదు. వాళ్ల నోరు దురదపెట్టే ఉంటుంది. దురద నిజమే, దానికి వాళ్లు చెప్పుకున్న కారణమే పరీక్షకు నిలవలేదు.

మరి సూపుతో తగ్గినవాళ్లున్నారు కదా? ఉన్నారు. నాకూ తగ్గింది! నేను మొదలుపెట్టింది మే 25న, రోహిణి కార్తె ప్రవేశించిన రోజు. మృగశిర వచ్చి తొలకరి పడింది. ఆరుద్ర నడుస్తుండగా, జులై మొదటి వారంలో, నా మండలం పూర్తయింది. నలభై ఐదు డిగ్రీల ఎండలో మొదలుపెట్టి వానల్లో ముగించాను. మంట సగానికి సగం తగ్గింది. మా ఆడపడుచు ఫోన్ చేసి "చెప్పానా వదినా!" అంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అనే మాట మన తర్కశాస్త్రంలో ఊరికే పుట్టలేదు. ఈ జబ్బు గుణమే అది, అలలా లేస్తుంది, అలలా తగ్గుతుంది. మనం మందు కోసం పరిగెత్తేది అల నెత్తి మీద ఉన్నప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా తగ్గేదే కనిపిస్తుంది. 2014లో అచ్చయిన ఐవర్‌మెక్టిన్ క్రీము పరీక్షల్లో మందు లేని ఉత్త క్రీము పన్నెండు వారాలు రాసుకున్నవాళ్లలో కూడా నూటికి పన్నెండు నుంచి పంతొమ్మిది మందికి మొహం దాదాపు తేటపడింది. మందున్న క్రీముతో నలభై మంది దాకా తేటపడ్డారు. ఉత్త క్రీముకే అంత పేరొచ్చేటప్పుడు, ప్రేమగా కాచిన సూపుకు రాదా? అదీగాక సూపు తాగే ఆ నలభై రోజులూ సాయంత్రం మిరపకాయ బజ్జీలు మానేశాను, ఆవకాయ ముట్టలేదు, ఎండలో బజారుకు పోలేదు. కీర్తి మాత్రం సొరకాయకు దక్కింది.

ఈ జబ్బుతో ఉన్నవాళ్లు తమను రెచ్చగొట్టేవేమిటో చెప్పిన లెక్క ఒకటుంది. అమెరికాలోని నేషనల్ రోజేషియా సొసైటీ 1,066 మందిని అడిగితే ఎండ అన్నవాళ్లు 81 శాతం, మానసిక ఒత్తిడి అన్నవాళ్లు 79, వేడి వాతావరణం 75. మసాలా తిండి 45, వేడి పానీయాలు 36. ఫలానా కూరగాయలు అన్నవాళ్లు 9 శాతం. రోగులు చెప్పుకున్న మాటలే కాబట్టి దీన్ని వేదంగా తీసుకోను. కానీ వరస చూడండి. మొదటి మూడింటికీ వంటింట్లో విరుగుడు లేదు. ఇక మానసిక ఒత్తిడి అంటారా, మండే మొహంతో ఉన్న మనిషిని పూటపూటా "ఏం తిన్నావు?" అని అడగడం కన్నా ఒత్తిడి ఏముంటుంది?

"సరే, పనిచేయకపోతే పోనీ, నష్టమేముంది, కూరగాయలే కదా" అనేవాళ్లు అన్నిటికంటే మర్యాదస్తులు, వాళ్లతోనే నాకు గట్టి తగువు. నష్టం ఉంది. సూపు ఒంటరిగా రాదు. పాలు మానెయ్, గుడ్డు మానెయ్, పప్పు వాతం, వేరుశనగ వేడి అనే బంధువులందరినీ వెంటబెట్టుకొస్తుంది. రాత్రి భోజనం తీసేసి దాని చోట కూర్చుంటుంది. సొరకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. కప్పు సూపులో మాంసకృత్తులు నామమాత్రం, వడకడితే పీచు కూడా పోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా ఆడవాళ్లకు రక్తమే చాలని చోట, ఉన్న రక్తాన్ని "శుభ్రం" చేయడానికి వాళ్ల కంచంలోంచి గుడ్డూ పప్పూ తీసేయిస్తున్నాం. మూడో వారానికల్లా నాకు మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. "మలినాలు పోతున్నాయి వదినా, మొదట్లో అలాగే ఉంటుంది" అంది మా ఆడపడుచు. బాగైతే సూపు గొప్ప, నీరసపడితే మలినాల తప్పు. ఓడిపోయే దారే లేని వాదన.

సహజమైనదానికి విషముండదనే ధీమా ఒకటి. చేదెక్కిన సొరకాయలో కుకుర్బిటాసిన్లు ఉంటాయి. ఢిల్లీలో సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ ఆ సంగతి పరిశీలించి, చేదుగా ఉంటే తాగొద్దని చెప్పింది. మన ఆడవాళ్లు సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుకకు తగిలించి చూసేది ఇందుకే. మిక్సీలో నాలుగు రకాలు కలిపి తిప్పేవాళ్లకు ఆ అలవాటు పోయింది. క్యారెట్ సంగతి అంత భయంకరం కాదు, కాస్త నవ్వొస్తుంది. నెలల తరబడి మోతాదు మించి తాగితే అరచేతులూ అరికాళ్లూ పసుపెక్కుతాయి. 1919లోనే హెస్, మయర్స్ అనే అమెరికా డాక్టర్లు రాసిపెట్టారు. ఎర్రబడిన మొహానికి తోడు పచ్చటి చేతులు!

అసలు నష్టం మాత్రం ఇవేవీ కావు. ఆ నలభై రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆగస్టులో ఎండ మళ్లీ విరుచుకుపడి మంట తిరగబెడితే చర్మ డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆవిడ నేను ఏం తింటున్నానో అడగలేదు. "మొహానికి ఏం రాస్తున్నారు?" అని అడిగింది. బ్యాగులోంచి ట్యూబు తీసిచ్చాను. ఏడాది కిందట మంగు మచ్చలకని ఒక మెడికల్ షాపులో అడిగితే చీటీ లేకుండానే ఇచ్చింది. రాసిన వారానికి మొహం అద్దంలా మెరిసింది. మానేస్తే మండేది, అందుకని రాస్తూనే ఉన్నాను. సూపు తాగే నలభై రోజులూ రాత్రిపూట అది రాసుకునే పడుకున్నాను. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూపించింది. అందులో ఉన్నది స్టీరాయిడ్.

స్టీరాయిడ్ పూత మొదట మంటనూ ఎరుపునూ అణిచేస్తుంది. నెలలు గడిస్తే చర్మాన్ని పలచబరిచి, నాళాలను పైకి తేల్చి, రోజేషియాను పోలిన స్థితిని తనే తెచ్చిపెడుతుంది. మానగానే మంట రెట్టింపవుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తాం. తాగుబోతుకు పొద్దున్నే చేతులు వణికితే ఇంకో చుక్క వేసుకున్నట్టు. ఈ మొహానికి మన దేశపు చర్మవైద్యులే "టాపికల్ స్టీరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్" అని పేరు పెట్టారంటే ఎంతమందిని చూసి ఉంటారో ఊహించుకోండి. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశంలోని పలు ఆసుపత్రుల్లో మొహం మీది చర్మవ్యాధులతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది స్టీరాయిడ్ రాసుకుంటున్నారు. దాదాపు ఏడుగురిలో ఒకరు. 2018లో కేంద్రం 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం అలా ఉంది, మందుల షాపు కౌంటరు ఇలా ఉంది. మందుల షాపులో జరిగిన నేరానికి మేమంతా కలిసి సొరకాయను బోనెక్కించాం.

ఎందుకిలా జరుగుతుందో నాకొక అనుమానముంది. ట్యూబు మాట ఎత్తాలంటే తెల్లబడాలనే ఆశను ఒప్పుకోవాలి. మంగు ఉన్న కోడలిని చూసి ఎవరేమన్నారో గుర్తు తెచ్చుకోవాలి. అదంతా ఇంట్లో ఎవరికీ ఇష్టముండదు. తిండిని తప్పుపడితే ఎవరికీ నొప్పి లేదు, తినేదాని నాలుకను తప్ప. మా ఆయనకు ముక్కు మీద ఎర్రగా వస్తే "ఎండలో బాగా తిరుగుతున్నాడు పాపం" అన్నారు. నాకొస్తే ఆవకాయ జాడీ అటకెక్కించారు. ఆడదాని మొహం మీద ఏది వచ్చినా అది ఆమె చేసిన ఏదో తప్పుకు గుర్తు. ఈ నమ్మకానికి సూపు అనేది మర్యాదైన పేరు.

ఇప్పుడు నేనేం చేస్తున్నాననేగా? ఆ ట్యూబును డాక్టరమ్మ చెప్పిన పద్ధతిలో, ఆవిడ చూస్తుండగా మానాను. ఎవరూ ఒక్కరోజులో సొంతంగా మానేయకండి, మంట తట్టుకోలేరు. మొదటి మూడు వారాలు నరకం. పొద్దున్నే సన్‌స్క్రీన్, గొడుగు. రాత్రికి ఆవిడ రాసిచ్చిన పూతమందు. నోట్‌బుక్కులో ఏ రోజు భగ్గుమందో, దానికి ముందు గంటలో ఏం జరిగిందో రెండు ముక్కలు రాసుకున్నాను. రెండు నెలలకు తేలింది. నాకు పడనివి మూడు. మధ్యాహ్నపు ఎండ, పొయ్యి మీది ఆవిరి, గుంటూరు కారం. వంకాయ పడుతుంది. టమాటా పడుతుంది. పెరుగు నిక్షేపంలా పడుతుంది. ఇంకొకరికి ఈ జాబితా వేరుగా ఉండొచ్చు, నాది చూసి ఎవరూ ఏదీ మానక్కర్లేదు. వానాకాలం సాయంత్రాల్లో ఎప్పుడైనా సూపు కూడా తాగుతాను, మిరియాలు వేయకుండా, గోరువెచ్చగా అయ్యాక. పక్కన ఉడికించిన గుడ్డు ఉంటుంది.

మొన్న ఆదివారం మా ఆడపడుచు ఫోన్ చేసింది. వాళ్లమ్మాయికి సంబంధం కుదిరింది, మాఘంలో పెళ్లి. "దాని మొహం ఈమధ్య ఎండ తగిలితే చాలు కందిపోతోంది వదినా. నీకు చెప్పిన సూపే దానికీ మొదలుపెట్టించాను. రాత్రి అన్నం మాన్పించాను" అంది.

"మంచిది. మొహానికి ఏం రాస్తోంది?" అన్నాను.

"ఏం రాస్తుంది, ఏమీ లేదు" అంది. అని ఆగింది. వెనకాల టీవీ చప్పుడు, కుక్కరు విజిలు వినిపించాయి.

"ఉండు వదినా, దాని బ్యాగు చూసొస్తా."